ఆయిలర్స్ గెలిచింది, నా పందెం ఓడిందంటున్నారు – కేసు వెయ్యొచ్చా?

ప్రశ్న: కెనడాలోని బ్రాంప్టన్‌లో (ఒంటారియో) వర్క్ పర్మిట్ మీద ఉంటున్నాను. 2025 జూన్ 4న ఐస్ హాకీ స్టాన్లీ కప్ ఫైనల్ మొదటి మ్యాచ్‌లో ఎడ్మంటన్ ఆయిలర్స్ గెలుస్తుందని ఒంటారియో లైసెన్స్ ఉన్న యాప్‌లో 2.20 రేటుకి (గెలిస్తే డాలరుకి 2.20 డాలర్లు) 1,500 డాలర్లు పెట్టాను. ఆయిలర్స్ 4-3తో గెలిచింది కానీ యాప్ నా పందెం ఓడినట్టు చూపించింది. అప్పట్నుంచి ఇంట్లో రోజూ గొడవే, మా ఆవిడ మాట్లాడ్డం లేదు, నాకు నిద్ర లేదు. నాకు రావాల్సిన 3,300 డాలర్లు, మానసిక వేదనకి నష్టపరిహారం అడగొచ్చా? బ్యాంకుకి ఫోన్ చేసి ఆ కార్డు పేమెంట్ నేను చెయ్యలేదని చెప్పేయ్ అంటున్నాడు ఫ్రెండ్. పందెంలో సగం డబ్బు పంపిన గుంటూరు బావమరిది తన వాటా ఇమ్మని పీకల మీద కూర్చున్నాడు.

జవాబు: మీరు రాసిన అంత పెద్ద ఉత్తరంలో కేసుకి పనికొచ్చేది ఒక్కటే ఉంది, ఆ 2.20 అన్న అంకె.

ఆ మ్యాచ్ ఎలా నడిచిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఫ్లోరిడా పాంథర్స్ 3-1 ఆధిక్యంలో ఉంది, ఆయిలర్స్ పుంజుకుని మూడో పీరియడ్‌లో ఎక్‌హోమ్ గోల్‌తో 3-3 చేసింది, అరవై నిమిషాలు అయిపోయేసరికి స్కోరు సమానం. డ్రైసైటిల్ కొట్టిన గెలుపు గోల్ వచ్చింది ఓవర్‌టైమ్‌లో. మీ కేసు మొత్తం ఇక్కడే ఉంది. హాకీలో "ఎవరు గెలుస్తారు" అని అమ్మే పందేలు రెండు రకాలు. ఒకటి మనీలైన్, దీన్లో ఓవర్‌టైమ్ కూడా కలుస్తుంది, మ్యాచ్ ఎవరు గెలిస్తే వాళ్ళకే. రెండోది త్రీ-వే, అంటే అరవై నిమిషాల ఫలితం మాత్రమే. ఈ టీమ్, ఆ టీమ్, లేదా టై. టై కూడా ఒక ఫలితం కాబట్టి గెలిచే అవకాశం తగ్గుతుంది, అందుకే రేటు ఎక్కువ ఇస్తారు. ఆయిలర్స్ సొంత రింక్‌లో ఆడుతున్న మ్యాచ్‌కి మీకు 2.20 వచ్చిందంటే అది త్రీ-వే అయ్యుండొచ్చని నా అనుమానం. రేటు బాగుందని నొక్కేసి ఉంటారు. మీ అంచనా నూటికి నూరు పాళ్ళూ నిజమైంది, కాదనను, కానీ కోర్టు చూసేది మీ అంచనా కాదు మీరు ఒప్పుకున్న కాంట్రాక్ట్.

అది చూద్దామంటే మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో టీమ్ పేరు, రేటు, పెట్టిన డబ్బు కనిపిస్తున్నాయి, దానిపైన మార్కెట్ పేరు, అంటే అది ఏ రకం పందెమో చెప్పే లైన్ మాత్రం కత్తిరించేశారు! పదిహేను వందల డాలర్లు పెట్టే మనిషి స్లిప్ పైనుంచి కిందిదాకా చదవకపోవడం ఒక తప్పు, లాయర్‌కి సగం కాగితం పంపి సలహా అడగడం ఇంకో తప్పు. ఆ లైన్ లేకుండా మీ కేసు బలమైందో కాదో ఎవరూ చెప్పలేరు, చెప్తే నమ్మకండి.

కాబట్టి ముందు యాప్‌లో బెట్ హిస్టరీ తెరిచి ఆ పందెం ఐడీ, పెట్టిన టైమ్, మార్కెట్ పేరు, సెటిల్ చేసిన టైమ్ అన్నీ కనపడేలా తీసుకోండి. ఆ రోజు అమల్లో ఉన్న హాకీ రూల్స్ పేజీ కూడా కావాలి, ఇవాళ్టిది కాదు. వాళ్ళు ఇవ్వకపోతే ఫెడరల్ ప్రైవసీ చట్టం పిపెడా కింద నా అకౌంట్ సమాచారం మొత్తం ఇవ్వండని రాతపూర్వకంగా అడగండి, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫోన్లో అడిగితే లెక్కలోకి రాదు, ఈమెయిల్ పెట్టండి.

అందులో మనీలైన్ అని ఉంటే మీ డబ్బు మీకు రావాల్సిందే. ఏ మార్కెట్టో స్పష్టంగా రాయకుండా ఊరికే "విజేత" అని పెట్టి, అరవై నిమిషాలన్న షరతు ఎక్కడో లోపల దాచి ఉంటే కూడా వాదించొచ్చు, అస్పష్టంగా రాసిన షరతుని రాసినవాడికి వ్యతిరేకంగా చదవడం కాంట్రాక్ట్ చట్టంలో పాత పద్ధతే. అరవై నిమిషాలు అని కళ్ళకి కనిపించేలా ఉంటే మాత్రం కేసు లేదు.

ఇక కేసు వెయ్యడానికి గడువు. ఒంటారియో లిమిటేషన్స్ చట్టం, 2002 ప్రకారం నష్టం జరిగిందని మీకు తెలిసిన రోజు నుంచి రెండేళ్ళు. యాప్ ఆ రాత్రే ఓడినట్టు చూపించింది, మీరూ చూశారు, అంటే 2027 జూన్ మొదటి వారం దాకా ఆగితే మునిగిపోతారు. చాలామంది చేసే పొరపాటేంటంటే కస్టమర్ కేర్ వాళ్ళు "పరిశీలిస్తున్నాం" అని మెయిల్ పెడుతుంటే టైమ్ ఆగిందనుకుని కూర్చుంటారు. వాళ్ళతో ఎన్ని మెయిల్స్ నడిచినా గడువు నడుస్తూనే ఉంటుంది.

మీ ఫ్రెండ్ చెప్పిన దారి గురించి. ఆ పని చెయ్యకండి, చెయ్యకండి, చెయ్యకండి. మీరే లాగిన్ అయి, మీ ఫోన్లోంచి, మీ ఐడీ చూపించి తెరిచిన అకౌంట్‌లో వేసిన డబ్బుని నేను వెయ్యలేదని బ్యాంకుకి చెప్పడం ఫ్రాడ్, క్రిమినల్ కోడ్ 380వ సెక్షన్. 5,000 డాలర్ల లోపు కదా చిన్నదే అనుకోకండి, ఇండైట్‌మెంట్ కింద, అంటే పెద్ద నేరంగా నడిపితే రెండేళ్ళ దాకా జైలు. మీరు వర్క్ పర్మిట్ మీద ఉన్నారు, సమ్మరీగా, అంటే చిన్న నేరంగా నడిపి ఫైన్‌తో వదిలేసినా సరే శిక్ష పడిందంటే ఇమ్మిగ్రేషన్ చట్టం 36వ సెక్షన్ దాన్ని పెద్ద నేరంగానే లెక్కేసి మిమ్మల్ని దేశంలో ఉండటానికి అనర్హుణ్ణి చేస్తుంది. పీఆర్ (శాశ్వత నివాసం) ఆశ కూడా అక్కడితో సరి. పోయిన 1,500 కోసం ఇంత పోగొట్టుకుంటారా? ఇప్పటికే బ్యాంకుకి ఫోన్ చేసి ఉంటే ఇంకేం మాట్లాడకుండా ఈరోజే ఒక క్రిమినల్ లాయర్‌ని కలవండి.

మానసిక వేదన సంగతి వదిలెయ్యండి. పందెం తగాదాలో దానికి డబ్బు రావడం దాదాపు జరగదు, పైగా అసలు క్లెయిమ్ కూడా పలచబడుతుంది.

బావమరిది గారి వాటా. పందెం ఓడినట్టే ఉంటే పంచడానికి ఏముంది? ఆయన గుంటూరులో దావా వేసినా 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ చట్టం 30వ సెక్షన్ అడ్డం వస్తుంది, పందెం మీద గెలిచిన డబ్బు కోసం దావా కుదరదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 సవరణతో ఆన్‌లైన్ బెట్టింగ్ నేరం, 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది, కాబట్టి కోర్టుకెళ్తే ఇబ్బంది ఆయనకే ఎక్కువ. మీ వైపు కూడా ఒక మచ్చ ఉంది, వేరేవాళ్ళ డబ్బు మీ అకౌంట్‌లోంచి ఆడటం ఇలాంటి యాప్‌ల షరతులకి సాధారణంగా విరుద్ధం, అవతలి లాయర్ అది తప్పక లాగుతాడు. అడిగితే అబద్ధం చెప్పకండి, ఉన్న వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చెయ్యకండి. ఇకముందు మాత్రం ఎవరి డబ్బూ తీసుకోకండి.

స్లిప్ మీకు అనుకూలంగా ఉంటే ముందు యాప్‌కి రాతపూర్వక ఫిర్యాదు, తేలకపోతే ఇలాంటి యాప్‌ల వ్యవహారం చూసే ప్రభుత్వ సంస్థ ఐగేమింగ్ ఒంటారియోకి, అప్పటికీ కాకపోతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు. 2025 అక్టోబర్ 1 నుంచి అక్కడ 50,000 డాలర్ల దాకా క్లెయిమ్ వెయ్యొచ్చు, ఫారం 7ఏ నింపాలి, లాయర్ కాకపోయినా ఇలాంటి కేసులు వాదించగల లైసెన్స్ ఉన్న పారాలీగల్ అయినా చాలు, లాయర్ ఫీజు అక్కర్లేదు. ముందుగా ఆ కత్తిరించిన లైన్ కనపడేలా స్క్రీన్‌షాట్ మళ్ళీ పంపండి.