రిజిస్టరు సంగతి ముందే చెబుతున్నా

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. ఇరవై నిమిషాలు మీ నాన్న షుగరు గురించే. చివర్లో, అసలు సంగతి అది కానట్టుగా, నీ కబురు చెప్పింది. "ఉన్న డ్యూటీ చాలదన్నట్టు ఊళ్లో నర్సులందర్నీ పోగేసి ఏదో నెట్‌వర్క్ పెడుతోందిటే. యూనియన్ గొడవలేమో. నువ్వైనా చెప్పు" అంది. చెబుతానన్నాను. మానెయ్యమని చెబుతాననుకుని సంతోషంగా ఫోన్ పెట్టేసింది పాపం.

రాత్రి రెండుసార్లు మెలకువొచ్చింది. గర్వంగానే ఉంది, కాదనను. మన ఇంట్లో నా తర్వాత నర్సుగా తెల్లబట్టలు కట్టినదానివి నువ్వొక్కదానివే. కానీ భయం కూడా వేసింది. అదేం భయమో ఫోన్లో చెబితే "సరే పిన్నీ, సరే పిన్నీ" అంటూ పక్కన కేస్ షీట్ రాసుకుంటావు. అందుకే ఉత్తరం.

నువ్వు రాసుకున్న కాగితం మీ అమ్మ ఫోన్లో పంపితే చదివాను. విజయవాడ, గుంటూరు, తెనాలి ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు నెలకోసారి కలవడం, ఒక వార్డులో బాగా జరిగినదీ జరగనిదీ ఇంకో వార్డుకి చెప్పడం, చిన్నచిన్న మార్పులు చేసి చూడటం. ఇంగ్లండు వెళ్లిన మీ సీనియర్ అక్కడ ప్రాక్టీస్ డెవలప్‌మెంట్ నర్సుగా, అంటే నర్సుల పనితీరు మెరుగుపరిచే నర్సుగా చేస్తోందని, ఆలోచన ఆ అమ్మాయి దగ్గర్నుంచి వచ్చిందని కూడా రాశావు. అక్కడ ఆ పనికి ఒక మనిషిని పెట్టుకుంటారు. మన దగ్గర హెడ్ నర్స్ చెయ్యాలి, ఇండెంట్లు, దుప్పట్ల లెక్క, రోస్టరు, వీఐపీ చుట్టం గొడవ అయిపోయాక మిగిలిన టైములో. మిగలదు.

ముందు చిన్న సంగతులు తేల్చేస్తా. మీటింగు మధ్యాహ్నం రెండున్నరకి పెట్టు, మార్నింగ్ డ్యూటీ దిగినవాళ్లు ఇంటికి చేరితే మళ్లీ రారు. నైట్ చేసి దిగినవాళ్లని పిలవకు, పడుకోనివ్వు. తినడానికి ఏదైనా ఉండాలి, పునుగులైనా చాలు. మందుల కంపెనీ వాళ్లు భోజనం పెడతామంటే వద్దను. డాక్టర్ని ముఖ్య అతిథిగా పిలవకు, ఆయన గంటసేపు మాట్లాడి వెళ్లిపోతాడు, మీరు చప్పట్లు కొట్టి ఇంటికెళతారు. నర్సు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఐదేళ్లలో 150 గంటల సి.ఎన్.ఇ., అంటే ఉద్యోగంలో ఉంటూ నేర్చుకునే చదువు, కావాలి కాబట్టి ఆ క్రెడిట్ కోసం కొందరు వస్తారు, రానీ. కానీ క్రెడిట్ కోసమే నడిపితే సంతకాల పుస్తకం మిగులుతుంది.

యూనియన్ అన్న మాట మీ మేనేజ్‌మెంట్ నోట ఎలాగూ వస్తుంది. జీతాల గురించి మాట్లాడుకోవడం తప్పేం కాదు, నేనూ తక్కువ మాట్లాడలేదు. అది టీ దగ్గర మాట్లాడుకోండి. మీటింగులో మాత్రం పేషెంటు మంచం దగ్గర జరిగే పని గురించే. ఆ గీత నువ్వే గియ్యాలి. మీ నర్సింగ్ సూపరింటెండెంట్‌కి ముందుగా వెళ్లి చెప్పు, దాచకు. ఆవిడ వద్దంటే నీ సెలవు రోజున బయట ఎక్కడైనా కూర్చోండి.

మొదటి విషయం ఏం తీసుకోవాలని అడిగావట. పెద్దది తీసుకోకు. ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి తెచ్చే సెప్సిస్ అని మొదలుపెడితే ఉపన్యాసమే అవుతుంది. క్యాన్యులా తీసుకో, సెలైన్ కోసం నరంలో పెట్టే సన్న గొట్టం. సెలైన్ ఎక్కే చెయ్యి ఎర్రబడి, వాచి, నొప్పి పెట్టడం ప్రతి వార్డులో ఉన్నదే. పేషెంట్లు "నరం పట్టేసింది సిస్టర్" అని సర్దుకుపోతారు, మనమూ సర్దుకుపోతాం. ఆ నరం వాపుకి వేసే వి.ఐ.పి. స్కోరు నీకు తెలుసు, సున్నా నుంచి ఐదు దాకా. రెండు వస్తే తీసి ఇంకో చోట వెయ్యాలి. ప్రతి షిఫ్టులో ఒకసారి చూసి ఆ అంకె రాయండి. డ్యూటీ దిగుతూ తర్వాతి నర్సుకి ఓవర్ ఇచ్చేటప్పుడు ఆ చెయ్యి ఇద్దరూ కలిసి చూడండి, దుప్పటి మీద నుంచి కాదు, దుప్పటి తీసి. ఒక నెల లెక్క రాసి, రెండో నెల పక్క ఆసుపత్రి లెక్కతో పెట్టి చూసుకోండి. ఎవరిది ఎక్కువని కాదు. మీకు ఎక్కువున్న రోజు ఏం జరిగింది, ఆ రోజు ఎంతమంది స్టాఫ్ ఉన్నారు, అది అడుగు.

మే 12న, నర్సెస్ డేకి, మా చేతికి దీపం ఇచ్చి ఫోటో తీయించేవాళ్లు. నైటింగేల్ అంటే దీపమే అనుకున్నా సర్వీసంతా. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో చేరిన మొదటి ఆడమనిషి ఆవిడేనని రిటైరయ్యాక తెలిసింది. సైనికుల చావుల్ని కారణాల వారీగా లెక్కకట్టి, బొమ్మలు గీసి పెద్దవాళ్ల ముందు పెట్టిందట. ఆ ముక్క మాకెవరూ చెప్పలేదు. దీపం పట్టుకుంటే ఫోటో బాగుంటుంది కదా.

ఇక నన్ను రాత్రి లేపిన సంగతి.

1994లో నేను ఒక పెద్దాసుపత్రిలో సర్జికల్ వార్డు హెడ్ నర్స్‌ని. ఏ ఊరో నీకు తెలుసు, ఇక్కడ రాయను. అప్పుడే కొత్తగా ప్రమోషన్ వచ్చింది, నీలాగే ఉత్సాహం ఎక్కువ. నాలుగు వార్డుల స్టాఫ్‌ని కలిపి నెలకోసారి శనివారం కూర్చోబెట్టేదాన్ని. దానికి నెట్‌వర్క్ అన్న పేరేం లేదు, 'శనివారం మీటింగు' అనేవాళ్లం. మొదటి మూడు నెలలూ ఎవరూ ఏం మాట్లాడలేదు. నాలుగో నెల ఒక అమ్మాయి మాట్లాడింది. ఇరవై మూడేళ్లు ఉంటాయేమో. టెంపరరీ పోస్టు.

వారం ముందు తను నైట్ డ్యూటీలో ఉందట. తెల్లవారుజామున రెండు దాటాక హెర్నియా ఆపరేషనైన పేషెంటుకి ఆంపిసిలిన్ ఇవ్వాలి. వయల్లో కలపడానికి ట్రేలోంచి డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ తీసి, మెడ విరిచి, సిరంజిలోకి లాగింది. ఖాళీ ఆంప్యూల్ పారేసే ముందు ఇంకోసారి చదివింది. పొటాషియం క్లోరైడ్. పది ఎమ్మెల్. అప్పట్లో రెండూ ఒకే సైజు గాజు ఆంప్యూళ్లు, ఒకే నీలం అక్షరాలు, ఒకే ట్రేలో పక్కపక్కన ఉండేవి. పొటాషియం క్లోరైడ్‌ని సెలైన్లో బాగా పలచన చేసి మెల్లగా ఎక్కించాలి గానీ నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. తను సిరంజి సింకులో ఒంపేసి, గోడకి ఆనుకుని కాసేపు నిలబడి, మళ్లీ వెళ్లి సరైన మందు కలిపి ఇచ్చింది. పేషెంటు నిద్ర కూడా లేవలేదు.

తీసేటప్పుడు, లాగేటప్పుడు, పారేసేటప్పుడు, మూడుసార్లు లేబుల్ చదవాలని మనకి ఫస్టియర్లో నేర్పుతారు. ఎంతమంది మూడోసారి చదువుతారు? ఆ పిల్ల చదివింది. చదివి, ఎవరూ చూడకపోయినా, పదిహేనుమంది ముందు లేచి నిలబడి చెప్పింది. "ఆ రెండూ ఒకే ట్రేలో ఉంచకండి సిస్టర్, నాకు కాకపోతే ఇంకొకరికి అవుతుంది" అంది. చేతులు వణుకుతున్నాయి.

నేనేం చేశానో తెలుసా? నా రాత బాగుంటుందని నాకు కాస్త గొప్ప. కొత్త రిజిస్టరు కొని, అట్ట వేసి, ప్రతి మీటింగూ అందులో రాసేదాన్ని. ఆ రోజు కూడా రాశాను. తేదీ, వార్డు, ఆ అమ్మాయి పూర్తి పేరు, మందు పేరు, టైము. కింద ఎర్ర ఇంకుతో గీత. ఎంత పద్ధతిగా ఉన్నానో అని మురిసిపోయి బల్ల మీద పెట్టి ఇంటికెళ్లా.

సోమవారం రౌండ్సుకి వచ్చిన ఒక పెద్దమనిషి ఆ రిజిస్టరు తిరగేశాడు. బుధవారానికి మెమో వచ్చింది. నాకు కాదు, ఆ అమ్మాయికి. నిర్లక్ష్యం కింద చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. నేను వెళ్లి చెప్పాను, ఏం జరగలేదు సార్, తనే ఆపింది, తనే చెప్పింది అని. "ఆపకపోతే ఏమయ్యేది?" అన్నాడాయన. నిజానికి అప్పుడు నేను గట్టిగా నిలబడాలి. ఆ రాత తనది కాదు నాది, మీటింగు నాది, మెమో ఇస్తే నాకివ్వండి అనాలి. కొత్త ప్రమోషన్. ఇల్లు కడుతున్నాం. "సరే సార్" అని వచ్చేశాను.

నెలాఖరుకి తన టెంపరరీ పోస్టు రెన్యువల్ కాలేదు. లాకరు తాళంచెవి ఇవ్వడానికి నా దగ్గరికొచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. "చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదక్కా" అని, తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అప్పటిదాకా నన్ను సిస్టర్ అనే పిలిచేది. ఆ ఒక్కసారే అక్కా అంది.

తర్వాతి శనివారం మీటింగుకి అందరూ వచ్చారు. నర్సెస్ డేకి ఏ పాట పాడాలో మాట్లాడుకున్నాం. ఆ పై శనివారం కూడా అదే. ఆ రెండు ఆంప్యూళ్లు మాత్రం ఇంకో రెండేళ్లు అదే ట్రేలో పక్కపక్కన ఉన్నాయి. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పేషెంట్ల భద్రతకి తొమ్మిది పరిష్కారాలు ప్రకటిస్తే అందులో ఇలాంటి గాఢమైన మందుల విషయంలో జాగ్రత్తలు ఒకటి. ఆ కాగితం చదివిన రోజు నేను అన్నం తినలేదు. మా పిల్ల పదమూడేళ్ల ముందే చెప్పింది. వింటే బాగుండేది. నేను వినలేదు, రాసుకున్నాను.

ఆ అమ్మాయి పేరు నీకు కూడా చెప్పను, అడక్కు.

అందుకని చెబుతున్నా. మీటింగులో జరిగినది రాయి, జరిగిన మనిషిని రాయకు. 'ఒక నైట్ డ్యూటీలో, ఒక సర్జికల్ వార్డులో' చాలు. మీరున్నవి మూడు నాలుగు ఆసుపత్రులే కాబట్టి వార్డు పేరు చెప్పినా మనిషి దొరికిపోతుంది, అది కూడా తీసెయ్. నీ వాట్సాప్ గ్రూపు గురించి విన్నాను, అరవైమంది ఉన్నారట. అమ్మడూ, నా రిజిస్టరు తిరగెయ్యడానికి ఒకాయన వార్డుకి నడిచి రావలసి వచ్చింది. నీ గ్రూపులో మాట స్క్రీన్‌షాట్ అయ్యి మీ ఆసుపత్రి మేనేజ్‌మెంట్ ఫోన్లోకి వెళ్లడానికి నిమిషం పట్టదు. టైము, చోటు చెప్పుకోవడానికే గ్రూపు వాడు. తప్పులు ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోండి. పుండ్ల ఫోటోలు, కేస్ షీట్ ఫోటోలు పెట్టేవాళ్లుంటారు, మంచి మనసుతోనే పెడతారు, మొదటి రోజే ఆపు. పేషెంటుకీ పేరుంటుంది.

ఎవరికైనా నిజంగా హాని జరిగితే అది వేరే సంగతి. అది మీటింగులో దాచేది కాదు, డాక్టరుకీ పేషెంటు వాళ్లకీ చెప్పాల్సిందే. ఇక్కడ తేడా రాకూడదు. పేరు దాచడమంటే తప్పు దాచడం అనుకునే తెలివైనవాళ్లు నీకూ ఒకరిద్దరు తగులుతారు.

నువ్వు పిలిచేవాళ్ల లిస్టు చూశాను, అంతా ఐ.సి.యు. వాళ్లే. పల్లెల్లో ఎం.ఎల్.హెచ్.పి. (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టుల్లో ఉన్న పిల్లల సంగతేంటి? బి.ఎస్సీ. అయిన ఏడాదికే ఒక ఊరి క్లినిక్‌లో ఒక్కతీ కూర్చుని బీపీలు, షుగర్లు, గర్భిణీలు అన్నీ చూస్తోంది. పక్కన అడగడానికి ఒక సీనియర్ కూడా ఉండదు. మీకంటే వాళ్లకే ఇది అవసరం. బస్సు టైము చూసి మీటింగు పెట్టు. ఏ.ఎన్.ఎం.లు వస్తే వెనక కూర్చోబెట్టకు. ఊళ్లో ఇళ్లు తిరిగే వాళ్లకి తెలిసింది నీకూ నాకూ తెలియదు.

ఇంత రాశాక మీ అమ్మకి ఏం చెప్పాలో ఆలోచిస్తున్నా. దానికి నేను సర్దిచెబుతాలే. నువ్వు మాత్రం టిఫిన్ మానేసి ఈ పనులు చెయ్యకు. మొన్న పెళ్లిలో చూశాను, చేతికి గాజులు నిలవడం లేదు. డబుల్ డ్యూటీలు చేస్తున్నావని మీ తమ్ముడు చెప్పాడు. ఎందుకు చేస్తున్నావని అడగను, తెలుసు. నెలకి ఇన్ని అని ఒక లెక్క పెట్టుకో, క్యాన్యులాకి స్కోరు పెట్టినట్టు.

మొదటి మీటింగులో ఎవరూ నోరు విప్పరు. రెండోదీ అంతే. "మీ అనుభవాలు చెప్పండి" అంటే నేల చూపులు చూస్తారు. అందుకని మొదటిసారి నన్ను పిలువు. మోకాళ్లు నొప్పే గానీ తెనాలి నుంచి బెజవాడ ఎంతసేపు, పొద్దున్నే రైలెక్కి వచ్చేస్తా. రిజిస్టరు సంగతి నేనే చెబుతా, మెమో సంగతీ, "సరే సార్" అన్న సంగతీ. రాసుకునేవాళ్లు ఎవరైనా ఉంటే నా పేరు రాసుకోనీ. పెన్షన్ మీద ఉన్నదానికి మెమో ఎవరిస్తారు?

ఏ ఆదివారమో చెప్పు, మెట్లెక్కే పని లేని చోటు చూడు.

మీ పిన్ని

మీ తమ్ముడి చేత గోంగూర పచ్చడి పంపుతున్నా. డబ్బా తిరిగి పంపు, మూతతో సహా.