నేషనల్ అకాడమీలో సీటుకి ఎంత కట్టాలండీ?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. నాలుగెకరాల వరి, రెండెకరాల రొయ్యల చెరువు. మా అమ్మాయి బైపీసీ చేసి రెండుసార్లు నీట్ రాసింది, సీటు రాలేదు. ఇప్పుడు బీఎస్సీ రెండో ఏడు. ఇక నీట్ వద్దు, జీవశాస్త్రంలో రీసెర్చి చేస్తానంటోంది. సైన్సు అకాడమీలు గొప్ప పరిశోధనలు చేశాయని ఎక్కడో చదివిందట. ఇక్కడో కన్సల్టెన్సీ ఆయన ‘నేషనల్ అకాడమీలో ఫెలోషిప్పు ఇప్పిస్తా, ఇరవై ఐదు వేలు కట్టండి’ అంటున్నాడు. కట్టమంటారా? అసలీ చదువుకి జీతం ఎప్పటికొస్తుందండి?

జవాబు: ముందు ఆ ఇరవై ఐదు వేలూ జేబులోనే ఉంచుకోండి. రేపు దాణాకి పనికొస్తాయి.

తప్పు మీది కాదండి. మన వైపు అకాడమీ అంటే నీట్ అకాడమీ, పోలీసు కోచింగ్ అకాడమీ, కరాటే అకాడమీ. బోర్డు మీద ఆ మాట కనిపిస్తే లోపల బెంచీలుంటాయి, ఫీజు రసీదుంటుంది. సైన్సు అకాడమీలు ఆ బాపతు కావు. అవి శాస్త్రవేత్తల సంఘాలు. మేఘనాథ్ సాహా చొరవతో 1930లో అలహాబాదులో ఒకటి పుట్టింది. సి.వి.రామన్ 1934లో బెంగళూరులో ఇంకోటి పెట్టారు. 1935లో కలకత్తాలో మొదలైన మూడోది ఇప్పుడు ఢిల్లీలో ఉంది, దాన్నే ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ అంటారు. వ్యవసాయ శాస్త్రాలకు 1990లో వేరే అకాడమీ వచ్చింది. వీటిలో ‘ఫెలో’ కావాలంటే ఎవరూ డబ్బు కట్టి చేరరు. అప్పటికే ఉన్న ఫెలోలు పేరు ప్రతిపాదించి, చేసిన పని చూసి ఎన్నుకుంటారు. ఆ గౌరవం వచ్చేసరికి చాలామందికి తల నెరుస్తుంది. డిగ్రీ పిల్లకి దాన్ని ఇప్పిస్తానన్నవాడు మీకు గోదాట్లో చేపల్ని బేరం పెడుతున్నట్టే.

ఇంకో మాట కూడా మీ అమ్మాయికి చెప్పండి. ఈ అకాడమీలు ల్యాబులు నడపవు. పరిశోధన చేసేది ఎక్కడో ఒక సంస్థలో పనిచేసే ఫెలో, అకాడమీ ఆ పనిని గుర్తిస్తుంది, పత్రికలో అచ్చేస్తుంది. ఆ అచ్చు వేయడాన్ని చిన్న పని అనుకోకండి. 1910లో ఇంగ్లండులో బేట్‌సన్, పన్నెట్ మొదలుపెట్టిన జన్యుశాస్త్ర పత్రిక ఒకటుంది. 1957లో హాల్డేన్ అనే జన్యుశాస్త్రవేత్త, మహానుభావుడు ఇండియా వచ్చేస్తూ ఆ పత్రికనీ వెంట తెచ్చేసుకున్నారు. ఆయనా, ఆయన భార్యా పోయాక అది ఆగిపోతే, 1985 నుంచి బెంగళూరు అకాడమీ మళ్ళీ తెస్తోంది. ఇల్లు మారుతూ బర్రెని తోలుకొచ్చినట్టు పత్రికని తోలుకొచ్చిన మనిషి ఇంకెవరైనా ఉన్నారేమో నాకైతే తెలీదు. అదే అకాడమీ 1996 నుంచి విద్యార్థుల కోసం ‘రెజొనెన్స్’ అనే మాసపత్రిక వేస్తోంది. పాత సంచికలు నెట్‌లో ఉచితం. మీ అమ్మాయిని ఈ రాత్రే తెరవమనండి.

ఇంతకీ పరిశోధన అంటే ఏం చేస్తారు? దూరం పోనక్కర్లేదు, మీ సార్వా చేలోనే చూపిస్తాను. మీరు స్వర్ణ వేసే ఉంటారు. సంచి మీద ఎమ్టీయూ 7029 అని ఉంటుంది కదా, ఆ ఎమ్టీయూ అంటే మన మార్టేరు. 1925 నుంచీ అక్కడ వరి పరిశోధన జరుగుతోంది. వశిష్ఠ, మసూరి అనే రెండు రకాలను సంకరం చేసి 1982లో స్వర్ణ ఇచ్చారు. దిగుబడి సరే, పది రోజులు నీళ్ళు నిలిచి చేను మునిగితే స్వర్ణ కుళ్ళిపోతుంది. ఆ కష్టం మీకు నేను చెప్పాలా?

మునిగిన వరి మొక్క ఏం చేస్తుందంటే, గాలి కోసం గబగబా పైకి సాగుతుంది. దాచుకున్న పిండిపదార్థమంతా ఆ సాగడానికే ఖర్చయిపోతుంది. నీళ్ళు తీసేసరికి నిలబడే ఓపిక ఉండదు, వాలిపోతుంది. ఒడిశాలో పాత వరి ఒకటి అలా చెయ్యదు. నీళ్ళలో కదలకుండా, ఊపిరి బిగబట్టినట్టు కూర్చుంటుంది. రెండు వారాల తర్వాత నీరు పోయాక దాచుకున్న బలంతో కొత్త ఆకు వేస్తుంది. ఆ గుణానికి కారణమైన జన్యువుని ఏళ్ళ తరబడి వెతికి, 2006లో సబ్1ఏ అని పేరుతో సహా ప్రకటించారు. దాన్ని సాధారణ సంకరణ పద్ధతిలోనే స్వర్ణలోకి తెచ్చారు. 2009లో స్వర్ణ సబ్1 మన దేశంలో విడుదలైంది. ‘ఈ మొక్క చావదేం?’ అన్న ప్రశ్న పట్టుకుని ఎక్కడెక్కడివాళ్ళో ఇరవై ఏళ్ళు పనిచేస్తే ఒక సంచి విత్తనం వచ్చింది. మీ అమ్మాయి కోరుకుంటున్నది ఆ పని. హైదరాబాదులో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థవాళ్ళూ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థవాళ్ళూ కలిసి ఇలాగే సాంబ మసూరిలోకి మూడు జన్యువులు చేర్చి, ఎండాకు తెగులుని తట్టుకునే రకాన్ని 2008లో తెచ్చారు. అందులో ముఖ్యులు రమేశ్ సోంటి. అకాడమీలు ఫెలోగా ఎన్నుకునేది అలాంటివారిని.

చెరువు సంగతి కూడా అంతే. హేచరీ నుంచి సీడు తెచ్చేముందు పీసీఆర్ చేయిస్తారు కదా. రొయ్య పిల్లలో కంటికి కనపడని వైరస్ డీఎన్ఏ ముక్కని లక్షల రెట్లు పెంచి ‘ఉంది’, ‘లేదు’ అని తేల్చేది ఆ పరీక్షే. 1994-95లో వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు వచ్చి టైగరు రొయ్య చెరువులన్నీ ఖాళీ అయినప్పుడు ఆ పరీక్ష మన రైతులకి అందుబాటులో లేదు. ఇప్పుడు భీమవరంలో ఆ ల్యాబుల్లో గ్లౌజులేసుకుని కూర్చునే కుర్రాళ్ళూ అమ్మాయిలూ చాలామంది బయోటెక్, మైక్రోబయాలజీ చదివినవాళ్ళే. ఈసారి సీడు శాంపిల్ ఇవ్వడానికి వెళ్ళేటప్పుడు అమ్మాయిని బండెక్కించుకుని వెళ్ళండి. లోపల కాసేపు నిలబడనిస్తారేమో అడగండి. నచ్చితే మొహంలో తెలిసిపోతుంది.

భీమవరం అనగానే యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పకపోతే నన్నెవరూ ఊరుకోరు. 1895లో అక్కడే పుట్టారు, మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మన జిల్లాల్లో బోదకాలుకి ఇంటింటికీ తెచ్చి మింగించిన డీఈసీ మాత్ర అమెరికాలో ఆయన బృందం చేసిన మందే. ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఆయన ఇచ్చిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీ అమ్మాయి కాలేజీ ల్యాబులోనే చెయ్యొచ్చు. టెస్టుట్యూబులో నీలం రంగు తేలుతుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ.

ఇక జీతం మాట. దాచకుండా చెబుతాను. డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ రెండేళ్ళు. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష లైఫ్ సైన్సెస్‌లో రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చి ఫెలోషిప్పు) తెచ్చుకుంటే పీహెచ్‌డీ మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆపైన 42,000 ఇస్తారు. అంటే ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకి మీ మీద ఆధారపడక్కర్లేదు. కానీ పీహెచ్‌డీ అయిదారేళ్ళు పడుతుంది. ఆపైన పర్మనెంటు ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. నా దగ్గరికొచ్చిన పిల్లల్లో కొందరికి ఫెలోషిప్పు డబ్బు నెలల తరబడి ఆగి, ఇంటికి ఫోన్ చేసి అడుక్కున్నారు. ఇరవై నాలుగో ఏట సంబంధాలు చూద్దాం అని మీ ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. ఆ మాట ఇప్పుడే మీరూ అమ్మాయీ కూర్చుని తేల్చుకోండి. మధ్యలో ఆపించడం కన్నా అసలు మొదలుపెట్టకపోవడం మేలు.

మరి అకాడమీతో మీకు పనేం లేదా అంటే, ఉంది. మొదట చెప్పిన అలహాబాదు, బెంగళూరు, ఢిల్లీ అకాడమీలు మూడూ కలిసి ఏటా వేసవి రీసెర్చి ఫెలోషిప్పు ఇస్తాయి. ఎంపికైన పిల్లలు రెండు నెలలు ఒక శాస్త్రవేత్త ల్యాబులో పనిచేస్తారు. స్టైపెండుతో పాటు రానుపోను రైలు ఖర్చు వాళ్ళే ఇస్తారు. కన్సల్టెన్సీ ఆయన ఈ మాట ఎక్కడో విని ఉంటాడు. ఆయన మీ దగ్గర తీసుకుంటానన్నాడు, వీళ్ళు మీ అమ్మాయికి ఇస్తారు. సాధారణంగా శీతాకాలం మొదట్లో, నవంబరు ప్రాంతంలో దరఖాస్తు గడువు ఉంటుంది. అర్హతలు ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. మార్కులతో పాటు ఒక లెక్చరరు సిఫార్సు, అమ్మాయి సొంతంగా రాసిన చిన్న వ్యాసమూ అడుగుతారు. చాలామంది ఆ రాతలోనే దెబ్బతింటారు. ‘చిన్నప్పటి నుంచీ సైన్సంటే ప్రాణం’ అని రాసేస్తారు. మీ అమ్మాయిని మీ చెరువు గురించి రాయమనండి. పక్కపక్క చెరువులకి ఒకే సీడు దింపినా ఒకదానికే వైరస్ ఎందుకు తగిలిందో, దానికి తన అనుమానం ఏమిటో, ఎలా తేల్చుకోవాలనుకుంటోందో రాస్తే చాలు. బైపీసీ వాళ్ళు లెక్కలు వదిలేసుకుంటారు, అదొక్కటి మాత్రం ఈ సెలవుల్లో పట్టుకోమనండి. కనీసం స్టాటిస్టిక్స్ లేకుండా ఈ రోజుల్లో జీవశాస్త్రం నడవదు.

రాసిన కాగితం దసరాలోపు నాకు పంపించమనండి. ఇంగ్లీషు తప్పులుంటే దిద్ది పంపుతాను. అందులో అనుమానం మాత్రం తనదే అయ్యుండాలి.