డెకోడర్ బిగించే ముందు: మేనకోడలికి ఉత్తరం

పాపా,

నువ్వు డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్ బొమ్మ మోడల్‌కు బాడీ ప్రింట్ చేయించావనీ, డీసీసీ (పట్టాల్లోంచే కరెంటుతో పాటు ఆదేశాలు పంపే పద్ధతి) సౌండ్ డెకోడర్, అంటే ఆ ఆదేశాలు చదివి మోటారునూ శబ్దాన్నీ నడిపే చిన్న సర్క్యూట్, నీ చేత్తోనే బిగిస్తానంటున్నావనీ అక్క ఫోన్ చేసి చెప్పింది. ఆమె గొంతులో సగం గొప్ప, సగం దిగులు. నాకూ అంతే. గుత్తి రైలింజిన్ల షెడ్‌లో ఎలక్ట్రీషియన్‌గా ఆ ఇంజిన్ల కింద దూరి బతికినోణ్ణి. జానెడు కూడా లేని ఆల్కోను (ఆ అమెరికన్ కంపెనీ డిజైనే మన డబ్ల్యూడీఎం-2) నువ్వు చిత్తూరులో కూర్చుని కూయిస్తానంటే తిరుపతిలో నాకు నిద్ర పడుతుందా?

తేలిక సంగతులు ముందు చెప్పేస్తా. నీ మోడల్ సైజు హెచ్‌ఓ, అంటే 1:87, అసలు దానిలో 87వ వంతు. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు, లెక్క ప్రకారం 19 పైన రావాలి, దొరికే పట్టాలేమో 16.5. ఇంజిన్ కాస్త ఇరుకు కాళ్ళతో నిలబడినట్టుంటుంది, దానికి బాధపడకు. కొత్త డెకోడర్ అడ్రస్, అంటే దాన్ని పిలిచే నెంబరు, 3 ఉంటుంది. ఇంజిన్ నెంబరు ఐదంకెలు పట్టదు, చివరి నాలుగే పెట్టుకో. సీవీలంటే డెకోడర్ లోపలి సెట్టింగులు; వేగం మెల్లగా ఎక్కేలా సీవీ 3, మెల్లగా తగ్గేలా సీవీ 4 పెంచు. 2600 గుర్రాల ఇంజిన్ కప్పలాగా ఎగరదు, టర్బో అందుకోవడానికి టైము తీసుకుంటుంది. లోక్‌సౌండ్ రకం డెకోడర్ అయితే సీవీ 63 తగ్గించి వాల్యూమ్ చిన్నగా పెట్టు. నా చెవులు ఆ ఇంజిన్లే తిన్నాయి, నీవి జాగ్రత్త.

ఇక అసలు సంగతి. మీ నాన్న అటక మీద అట్టపెట్టెలో ఒక అమెరికన్ ఆల్కో మోడల్ ఉంది, చూసే ఉంటావు. ఎందుకు నడపడో అడిగితే ‘మోటారు పోయింది’ అంటాడు. మోటారు పోలేదు. పోయింది డెకోడర్.

అప్పుడు నువ్వింకా పుట్టలేదు. బావ ఆఫీసులో ఎవరి కొడుకో అమెరికా నుంచి వస్తుంటే బతిమాలి తెప్పించుకున్నాడు ఆ డెకోడర్‌ను. నేను ఆదివారం వస్తాను ఆగు బావా అన్నాను. ఆగితే ఆయన మీ నాన్న ఎట్లవుతాడు? డ్యూటీ నుంచి వచ్చి, అన్నం తిని, రాత్రి పదకొండుకు సోల్డరింగ్ మొదలుపెట్టాడు. వైర్లు రంగుల ప్రకారం తప్పు లేకుండానే కలిపాడు. ఎరుపు కుడి పట్టాకు, నలుపు ఎడమ పట్టాకు, నారింజ, బూడిద రంగు వైర్లు మోటారుకు. పాత డీసీ మోడళ్ళలో (డెకోడర్ లేకుండా పట్టాల కరెంటుతో నేరుగా నడిచేవి) ఒక మాయ ఉంటుంది: మోటారు అడుగు బ్రష్ నుంచి చిన్న రాగి రేకు నేరుగా లోహపు ఛాసీని తాకుతూ ఉంటుంది, ఆ ఛాసీయే ఒక పట్టా కరెంటును మోస్తుంది. డీసీలో అది వైరు ఖర్చు మిగిల్చే ఏర్పాటు. డీసీసీలో అదే ఉరితాడు. పట్టాల మీది కరెంటు డెకోడర్ అనుమతి లేకుండా దాని మోటారు వైరులోకి ఎదురెక్కుతుంది. ఆ రేకు మోటారు కింద ఉంది, బావ మోటారు పైకి తీయనే లేదు.

డెకోడర్ సెట్టింగులు మార్చే ప్రోగ్రామింగ్ ట్రాక్ ఉంది, దాని మీద పెట్టలేదు. నేరుగా మెయిన్ లైన్ మీద పెట్టాడు, శబ్దం వినాలన్న ఆత్రం. శబ్దం వచ్చింది కూడా! క్రాంక్ తిరిగింది, ఇంజిన్ అందుకుంది, ఆ తడబడే ఆల్కో ఐడిల్ వినిపించిందట. మీ అమ్మను నిద్ర లేపి మరీ వినిపించాడు. ఆమె చూస్తుండగా థ్రాటిల్ తిప్పాడు. ఇంజిన్ కదల్లేదు, శబ్దం ఆగిపోయింది, కాలిన వాసన వచ్చింది.

డబ్బు పోయిందని కాదు నా బాధ. ‘ఇవన్నీ మనలాంటోళ్ళకు కాదులే’ అని ఆ పెట్టె అటకెక్కించాడు చూడు, అది. అంత మంచి చెయ్యి ఉన్నోడు మళ్ళీ సోల్డరింగ్ ఐరన్ పట్టలేదు. నేనిది రాశానని ఆయనకు చెప్పొద్దు.

పెద్ద డబ్ల్యూడీఎం-2లో గ్రౌండ్ రిలే (జీఆర్) ఉంటుంది. ట్రాక్షన్ మోటారు ఎర్త్ అయితే జీఆర్ పడి, పవర్ తెగి, ఇంజిన్ ఐడిల్‌కొస్తుంది. నీ చిన్నదానికి జీఆర్ లేదు తల్లీ, నువ్వే జీఆర్. డెకోడర్ కలపకముందు మోటారు పూర్తిగా విప్పి, ఆ రేకు కత్తిరించి, కింద వేడికి తట్టుకునే కాప్టన్ టేపు వెయ్యి. మల్టీమీటర్‌ను బీప్‌లో పెట్టి ఒక్కో బ్రష్‌నూ కుడి చక్రాలతో, ఎడమ చక్రాలతో, ఛాసీతో తాకించు. ఎక్కడా కూయకూడదు. బాడీ బిగించాక మళ్ళీ చూడు, మర బిగిస్తే తాకేవి ఉంటాయి. మామ షెడ్‌లో మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించేది) పెట్టేవాడు కదా అని మెగ్గర్ జోలికి పోయేవు, దాని వోల్టేజీకి డెకోడర్ బూడిదే. నల్ల ఇన్సులేషన్ టేపు వద్దు, మన ఎండలకు జిగురు కారుతుంది. మొదటిసారి ప్రోగ్రామింగ్ ట్రాక్ మీదే పెట్టు. అక్కడ కరెంటు కొద్దిగానే వస్తుంది, తప్పుంటే ఇంజిన్ జవాబివ్వదు గానీ సాధారణంగా కాలదు. స్పీకర్‌కు వెనక గాలి చొరని డబ్బీ పెట్టు, లేకపోతే ఆల్కో కాస్తా దోమలా వినిపిస్తుంది.

ఇంకొకటి విని నా గుండె జారింది. సొంతంగా ఆల్కో శబ్దం రికార్డు చేస్తానని, మైకును పొడుగు కర్రకు కట్టి ఎత్తుతానన్నావంట! బుద్ధుందా? పైన తీగలో 25,000 వోల్టులు. తాకనక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు. కరెంటుతో బతికిన మనిషిని, చూసినవి చెబితే నువ్వు అన్నం తినవు. పట్టాల మీదికి దిగితే చొరబాటుకు శిక్ష వేసే రైల్వే చట్టం 147వ సెక్షన్ కూడా ఉంది. ఆల్కోలు అరుదైపోయాయి, నీ తొందర నాకు తెలుసు. పర్మిషన్ అడుగు, పాత స్నేహితులతో నేనూ మాట్లాడతా. దొరికిన రోజు క్రాంకింగ్, ఐడిల్, థ్రాటిల్ ఎనిమిది నాచ్‌లు (మెట్లు) ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ విడివిడిగా, హారన్ వేరుగా తీసుకో. కంప్రెసర్ మర్చిపోకు, అందరూ మర్చిపోయేది అదే.

ఆదివారం బస్సెక్కి ఛాసీ తీసుకుని రా, డెకోడర్ కవరు విప్పకుండా తే. నా సోల్డరింగ్ ఐరన్ మొన అరిగిపోయింది, నీ 25 వాట్లది కూడా సంచిలో వేసుకో. మీ నాన్న అడిగితే గుడికి వెళ్తున్నానని చెప్పు. కాదు, అబద్ధమెందుకు, ఆయన్నీ తీసుకురా, ఆ అట్టపెట్టెతో సహా.

మీ మామ