బెల్టు పెట్టని హెల్మెట్, పరకాల రోడ్డు

ప్రశ్న అడిగింది హన్మకొండలో ఉండే ఒక తమ్ముడు. "హెల్మెట్ లేకపోతే దెబ్బ తగిలేది నాకే, వేరేవాళ్ళకు నష్టం లేదు. అలాంటప్పుడు పెట్టుకోవాలా వద్దా అన్నది నా ఇష్టం కదా, చట్టం ఎందుకు? అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో పెద్దవాళ్ళకు ఆ స్వేచ్ఛ ఉంది. పైగా నేను తిరిగేది ఊళ్ళోనే, నయీంనగర్ నుంచి సుబేదారి దాకానే, అదీ నెమ్మదిగా" అని రాశాడు.

తమ్ముడూ, ఈ మాట నేనూ అన్నవాణ్ణే. విత్తనాల కంపెనీలో ఫీల్డు పని నాది. పద్నాలుగేళ్ళుగా పరకాల, ఆత్మకూరు, నర్సంపేట, ములుగు అంటూ రోజుకు ఎనభై, తొంభై కిలోమీటర్లు బండి మీదే. మొదటి అయిదేళ్ళు నా హెల్మెట్ పెట్రోల్ టాంకు మీదే ఉండేది. పోలీసులు కనపడితే తలకెక్కేది, వాళ్ళను దాటగానే మళ్ళీ టాంకు మీదికి దిగేది. తర్వాత మా మేనేజర్ ఒకాయన, హెల్మెట్ లేకుండా ఫీల్డుకు పోతే ఆ రోజు పెట్రోల్ బిల్లు పాస్ చేయనని చెప్పాడు. చాలా కోపం వచ్చింది. కానీ నెల రోజులు పెట్టుకునేసరికి అలవాటైపోయింది. అంటే నాకు ఆ అలవాటు వచ్చింది నా ఇష్టంతో కాదు, ఒకరు బలవంతం చేస్తేనే. అది గుర్తుంది కాబట్టే నీ ప్రశ్న చూసి నాకు కోపం రాలేదు.

2018 నవంబర్‌లో జరిగింది చెప్తాను. పరకాల పక్కన ఒక ఊళ్ళో మా చుట్టాల పిల్లవాడి పుట్టు వెంట్రుకలు. నేను, మా బామ్మర్ది చెరొక బండి మీద పోయాం. తిరిగి బయల్దేరేసరికి చీకటి పడింది. హన్మకొండలో కెమెరాలు ఉంటాయని వాడు హెల్మెట్ తలకు పెట్టుకున్నాడు, కానీ బెల్టు పెట్టలేదు. నేను చూశాను. "పెట్టుకోరా" అన్నాను కూడా. "గూడెప్పాడ్ దాటినంక పెడ్తా బావా, మెడకు ఉక్కపోస్తుంది" అన్నాడు. నేను మళ్ళీ అడగలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదలదు.

మన దిక్కు నవంబర్ అంటే రోడ్ల మీద వడ్లు. నీకు తెలిసే ఉంటుంది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో వడ్లు తీసుకోరు. అందరికీ కల్లాలు లేవు. ఎండకు నున్నగా కాగిన తారు రోడ్డు కంటే బాగా ఆరే చోటు ఇంకెక్కడుంది రైతుకు? సగం రోడ్డు మీద పోసి, రాత్రికి నల్ల పరదా కప్పి, గాలికి లేవకుండా, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్ళు పెడతారు. నేను రైతుల మధ్య బతికేవాణ్ణి, వాళ్ళను తిట్టే నోరు నాకు లేదు. కానీ నల్ల రోడ్డు మీద నల్ల పరదా, దాని అంచున రాయి, ఎదురుగా ఒంటి లైటు ట్రాక్టర్. ముందు పోతున్న నేను తప్పించుకున్నాను. వెనక వస్తున్న వాడి ముందు చక్రం రాయి మీదికెక్కింది.

శబ్దం విని వెనక్కి తిప్పాను. వాడు రోడ్డు మీద పక్కకు పడి ఉన్నాడు. హెల్మెట్ దొర్లుకుంటూ పోయి వడ్ల కుప్ప మీద ఆగింది. తర్వాత దాన్ని ఇంటికి తెచ్చి చూశాం, దాని మీద ఒక్క గీత కూడా లేదు. తల రోడ్డును తాకేలోపే అది ఊడిపోయిందన్నమాట.

108 వచ్చింది, హన్మకొండలో సీటీ స్కాన్ తీశారు, మెదడు మీద రక్తం గడ్డకట్టిందన్నారు, రాత్రికి రాత్రే హైదరాబాద్ తీసుకుపోయాం. ఆపరేషన్ చేయాలంటే ఒక కాగితం మీద సంతకం కావాలి. ప్రాణం పోవచ్చు, మాట పోవచ్చు, చెయ్యి కాలు పడిపోవచ్చు, అన్నింటికీ ఒప్పుకుంటున్నామని రాసి ఉంది. వాడికి స్పృహ లేదు. వాడి భార్య పెన్ను పట్టుకోలేకపోయింది. సంతకం నేను చేశాను. నువ్వు "నా ఇష్టం కదా" అని రాసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ కాగితమే. వాడి తల గురించి అసలైన నిర్ణయం తీసుకోవలసి వచ్చినప్పుడు అది వాడి చేతిలో లేదు, నా చేతిలో ఉంది. నేనేమీ డాక్టర్ను కాను. విత్తనాలు అమ్ముకునే మనిషిని.

పందొమ్మిది రోజులు ఐసీయూ. మా అత్తమ్మ ఆస్పత్రి వరండాలో చాప వేసుకుని పడుకుంది. హసన్‌పర్తి దగ్గర కొనుక్కున్న 150 గజాల జాగ అమ్మేశాం. నా భార్య ఉద్యోగం చేసే బడిలో రెండు నెలల జీతం పోయింది. వాడి కూతురు అప్పుడు ఒకటో తరగతి, మా ఇంట్లోనే ఉంది. "దెబ్బ తగిలేది నాకే" అన్నావు కదా, ఆ మాట తప్పు తమ్ముడూ. మా ఇంట్లో ఆ దెబ్బ ఏడుగురికి తగిలింది.

వాడు బతికాడు. నడుస్తాడు, మాట్లాడతాడు, దుకాణం నడుపుకుంటున్నాడు. కానీ వాసన తెలియదు. తలకు గట్టి దెబ్బ తగిలితే ముక్కు నుంచి మెదడుకు పోయే సన్నటి నరాలు తెగిపోతాయట, చాలామందిలో మళ్ళీ అతుక్కోవని డాక్టర్ చెప్పాడు. గ్యాస్ లీకైనా తెలియదు, కూర మాడినా తెలియదు. మొదటి వాన పడ్డప్పుడు మట్టి వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలని చూస్తాడు.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో 129వ సెక్షన్ హెల్మెట్ గురించి. 2019 సవరణ తర్వాత నాలుగేళ్ళు దాటిన ఎవరైనా, నడిపేవారూ వెనక కూర్చున్నవారూ, పెట్టుకోవాలి. తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు ఉంది. 194డి సెక్షన్ ప్రకారం 1000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. ఇవి చాలామందికి తెలుసు. తెలియనిది ఏంటంటే, బెల్టుతో తలకు గట్టిగా బిగించి ఉన్నదే హెల్మెట్ అని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. అంటే ఆ రాత్రి మా వాడి తల మీద ఉన్నది చట్టం ప్రకారం కూడా హెల్మెట్ కాదు.

నీ కోపంలో న్యాయం ఉన్న చోటు కూడా ఉంది, అది దాచను. పోలీసులు మలుపు దగ్గర చాటున నిలబడి, బండి కదులుతుండగానే ఎదురుగా ఉరికివచ్చి తాళం చెయ్యి లాక్కోవడం నా కళ్ళతో చూశాను. దానికి బెదిరి ఒకామె పడబోయింది. వెనక నుంచి ఫోటో తీసి ఇంటికి చలానా పంపితే మనిషి కెమెరా కోసం హెల్మెట్ పెట్టుకోవడం నేర్చుకుంటాడు, తల కోసం కాదు. మా బామ్మర్ది నేర్చుకున్నది అదే. ఊరు దాటితే అడిగేవాళ్ళు లేరు, వడ్లు, రాళ్ళు, లైట్లు లేని ట్రాలీలు ఉన్నది అక్కడే. ఇవన్నీ గట్టిగా అడుగు, నేనూ నీతో కలిసి అడుగుతాను. కానీ అమలు చేసే తీరు బాగాలేదని చట్టమే వద్దనడం నాకు సరిగా అనిపించదు.

అమెరికా మాట ఎత్తావు. నిజమే. 1966లో అక్కడి కేంద్ర ప్రభుత్వం హెల్మెట్ చట్టం చేయని రాష్ట్రాలకు రోడ్ల నిధులు తగ్గిస్తామని షరతు పెడితే దాదాపు అన్నీ చట్టం చేశాయి. 1976లో ఆ షరతు తీసేయగానే చాలా రాష్ట్రాలు సడలించాయి. ఇల్లినాయ్, అయోవా, న్యూ హాంప్‌షైర్‌లలో పెద్దవాళ్ళకు నిర్బంధం లేదు. కానీ ఫ్లోరిడా 2000లో సడలించినప్పుడు 21 ఏళ్ళు దాటి, కనీసం 10,000 డాలర్ల వైద్య బీమా ఉన్నవాళ్ళకే అంది. 2012లో మిషిగన్ 20,000 డాలర్ల బీమా అడిగింది. అంటే నీ ఇష్టమే, కానీ ఆస్పత్రి బిల్లు ఎవరు కడతారో ముందు చూపించు అని అక్కడ కూడా అడిగారు. మన దగ్గర ఆ బిల్లు ఇంటివాళ్ళ మీదా, ఆరోగ్యశ్రీ మీదా పడుతుంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు, అది అందరి డబ్బు.

సుబేదారి దాకానే కదా అన్నావు. దీని మీద కొంచెం ఆగి ఆలోచించు. బండి మీద కూర్చుంటే తల నేలకు దాదాపు అయిదడుగుల ఎత్తున ఉంటుంది. బండి కదలకుండా నిలబడి ఉన్నా సరే, అక్కడి నుంచి తల నేరుగా నేలకు పడితే తాకేసరికి గంటకు 20 కిలోమీటర్ల వేగం వస్తుంది. కుక్క అడ్డం వచ్చినా, ఆగిన కారు డోరు తెరుచుకున్నా చాలు. నువ్వు నెమ్మదిగా పోవడం వల్ల ఆ ఎత్తు తగ్గదు.

2022లో దేశం మొత్తం మీద హెల్మెట్ లేక చనిపోయినవాళ్ళు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. వీళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. మన ఊళ్ళలో భార్య చీరలో ఒక పక్కకు కూర్చుని, ఒళ్ళో పిల్లను పెట్టుకుని, ఇంకో చేత్తో సంచి పట్టుకుంటుంది. హెల్మెట్ భర్త తలకే. ఇష్టం గురించి మాట్లాడితే, ఆమెను ఎవరైనా అడిగారా? మా ఇంట్లో నేను అడగలేదు. 2018 తర్వాతే నా భార్యకు కొన్నాను. కొప్పు వేసుకుంటే హెల్మెట్ దిగడం లేదని ఆమె జడ కిందికి వదులుగా అల్లుకోవడం మొదలుపెట్టింది. పెళ్ళిళ్ళకు పోయినప్పుడు పూలు సంచిలో పెట్టుకుని, దిగినాక పెట్టుకుంటుంది. ఇలాంటి చిన్న సంగతులు పట్టించుకోకుండా ఆడవాళ్ళు హెల్మెట్ పెట్టుకోరని అనడం అన్యాయం. పిల్లల విషయంలో కూడా 2023 ఫిబ్రవరి నుంచి నియమం ఉంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ దాకా పిల్లలకు వాళ్ళ సైజు హెల్మెట్, పిల్లను నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు.

నీకు నిజంగా ఇష్టాన్ని వాడుకునే చోటు ఒకటుంది. అది కొనేటప్పుడు. రోడ్డు పక్కన రెండు మూడు వందలకు దొరికే టోపీ లాంటిది చలానాకే తప్ప తలకు పనికిరాదు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం నేరం. ఐఎస్ 4151 అన్న నంబర్ చూడు. వెయ్యి రూపాయల చుట్టుపక్కల మంచివే వస్తాయి. పైన గట్టి పెంకు కంటే లోపలి థర్మాకోల్ ముఖ్యం. దెబ్బ తగిలినప్పుడు అది నలిగిపోయి, తల ఒక్కసారిగా ఆగకుండా కొంచెం నెమ్మదిగా ఆగేలా చేస్తుంది. ఒకసారి నలిగితే మళ్ళీ లేవదు, అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా పారేయాలి, తమ్ముడికి ఇవ్వకూడదు. పెట్టుకుని తల అటూ ఇటూ ఊపితే నుదుటి చర్మం కూడా దానితో కదలాలి. బెల్టు పెట్టి, వెనక అంచు పట్టుకుని ముందుకు ఎత్తి చూడు, ఊడివస్తే అది నీ సైజు కాదు.

మే నెల ఉక్కపోత గురించి నాకు చెప్పక్కర్లేదు, ములుగు రోడ్డు మీద మధ్యాహ్నం రెండింటికి తిరిగేవాణ్ణి. లోపల పల్చటి నూలు రుమాలు వేసుకుంటాను, రోజూ ఉతుకుతాను, లోపలి మెత్తలు ఆదివారం తీసి కడుగుతాను. జుట్టు రాలుతుందన్న భయం నాకూ ఉండేది, శుభ్రంగా ఉంచుకున్నాక ఇబ్బంది లేదు. తువ్వాల మాత్రం చుట్టుకుని పైన పెట్టకు, హెల్మెట్ వదులై జారుతుంది.

మా బామ్మర్ది ఇప్పుడు బండి తక్కువ నడుపుతాడు. కానీ వాళ్ళింటి నుంచి ఎవరు బయల్దేరినా గేటు దాకా వస్తాడు. చుట్టమైనా, పాలు పోసే పిల్లవాడైనా సరే, గదవ కింద వేళ్ళు పెట్టి బెల్టు లాగి చూస్తాడు. నాకు కూడా, నిన్న పొద్దున కూడా. "టిక్కుమన్నదా బావా?" అని అడిగి, శబ్దం విన్నాకే గేటు తీశాడు.