చెయ్యి దూరని చోట బోల్టు

ప్రశ్న: కారు సెల్ఫ్ మోటారుకు రెండు బోల్టులున్నాయి. కిందిది విప్పాను. పైది కంటికి కనబడదు, పానా పెడితే పావు వంతు కూడా తిరగదు. బోల్టు తల అంచులు అరగడం మొదలైంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు ఆ పానా పక్కన పెట్టండి. అరుగుతున్న తలమీద దాంతోనే ఇంకోసారి పట్టుపడితే డ్రిల్లు వేయాల్సి వస్తుంది, ఆ సందులో డ్రిల్లు పట్టదు. బ్యాటరీ నెగెటివ్ తీగ ఇంకా విప్పకపోతే ఇప్పుడే విప్పేయండి. సెల్ఫ్‌కు వచ్చే లావు తీగకు చాలా బండ్లలో ఫ్యూజు ఉండదు. పానా ఒక కొస దానికి, ఇంకో కొస బాడీకి తగిలిందంటే చెయ్యి కాలుతుంది.

తర్వాత చూడటం. ఫోన్లో టార్చి వేసి, వీడియో ఆన్ చేసి సందులోకి దించి తిప్పండి. కొన్ని బండ్లలో బోల్టు తల మోటారు వైపు ఉంటుంది, కొన్నిట్లో గేర్‌బాక్సు వైపు నుంచి దూర్చి ఉంటుంది. ఇది తెలియక తప్పు వైపు నుంచి గంటలు గంటలు తంటాలు పడేవాళ్లు చాలామంది. తల ఎటుందో తెలిశాక అడ్డున్నవి తీయండి: ఎయిర్ ఫిల్టర్ డబ్బా, దాని గొట్టం, అవసరమైతే బ్యాటరీ, దాని ట్రే. ఇవి విప్పడానికి పావుగంట, అరగంట పడుతుంది. ఆ పని తప్పించుకుందామని చూస్తేనే రోజంతా పోతుంది.

ఇక పనిముట్టు. ఆరు మూలల సాకెట్టే వాడండి. అది తల పలకలను పట్టుకుంటుంది. పన్నెండు మూలలది అంచుల దగ్గర పట్టుకుంటుంది కాబట్టి అరిగిన తలమీద జారుతుంది. 3/8 అంగుళం సైజులో ఒక పొడవాటి ఎక్స్‌టెన్షన్, ఒక పొట్టిది కలిపి, సాకెట్ దగ్గర యూనివర్సల్ జాయింట్ పెట్టండి. జాయింట్ వేలాడిపోకుండా చుట్టూ రెండు చుట్లు టేపు వేస్తే నిలబడుతుంది, వంగాల్సినంత వంగుతుంది. పిడి బయట ఖాళీ జాగాలోకి వస్తుంది. పిడి ఊపడానికీ చోటు లేకపోతే పళ్లు ఎక్కువున్న రాచెట్ (ఒక వైపే పట్టి తిప్పే పిడి) కొనండి. 24 పళ్లది ఒక్క పన్ను పడాలంటే 15 డిగ్రీలు ఊపాలి, 72 పళ్లదానికి 5 డిగ్రీలు చాలు. రాచెట్ దూరకపోతే ఓపెన్ పానాను ప్రతిసారీ బోర్లించి పెట్టండి. దాని నోరు 15 డిగ్రీలు పక్కకు వంచి ఉండేది అందుకే, 30 డిగ్రీల జాగా ఉంటే పని నడుస్తుంది.

బోల్టు ఉక్కు, గేర్‌బాక్సు తొడుగు అల్యూమినియం. రెండూ పట్టేసుకుంటాయి. తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక రాత్రి వదిలి, ముందు కాస్త బిగించే వైపు కదిపి, తర్వాత విప్పండి. 13 మి.మీ. తల బాగా అరిగిపోతే అర అంగుళం ఆరు మూలల సాకెట్ (12.7 మి.మీ.) సుత్తితో కొట్టి ఎక్కించవచ్చు, ఎక్స్‌టెన్షన్ తిన్నగా పోయే చోటైతేనే.

తిరిగి పెట్టేటప్పుడు రెండు బోల్టులూ చేత్తో నాలుగు మరలు ఎక్కాకే ఏదైనా బిగించండి. మోటారు ఆనే చోట తుప్పు, నూనె తుడవండి, ఎర్త్ దొరికేది అక్కడి నుంచే.

ఫ్యాక్టరీలో ఈ తిప్పలు ఉండవు. ఇంజను, గేర్‌బాక్సు, సెల్ఫ్ బయటే బిగించి తర్వాత బండిలోకి ఎక్కిస్తారు మరి.

ప్రశ్న: ట్రాక్టర్ క్లచ్ ప్లేటు ఒక్కటి మార్చడానికి బండిని రెండు ముక్కలు చేయాలంటున్నారు. నిజమేనా?
– ఒక రైతు, జగిత్యాల

జవాబు: నిజమే. చాలా ట్రాక్టర్లకు కారులా వేరే ఛాసిస్ ఉండదు. ఇంజను, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్సు వరసగా బిగించినవే బండి. క్లచ్ మధ్యలో ఉంటుంది కాబట్టి విడగొట్టక తప్పదు.

విడగొట్టబోయేటప్పుడు ముందు చక్రాల యాక్సిల్‌కు, దానిపైన ఉండే సపోర్టుకు మధ్య రెండు వైపులా చెక్క చీలలు కొట్టారో లేదో చూడండి. ఆ యాక్సిల్ మధ్య పిన్ను మీద ఊగుతుంది. చీలలు లేకపోతే విడిపోయిన ఇంజను ఒక పక్కకు ఒరిగిపోతుంది. గేర్‌బాక్సు వైపు గట్టి స్టాండు ఉండాలి, ఒక్క జాకీ మీద వదలకూడదు.

ఖర్చంతా కూలీలోనే ఉంది కాబట్టి విప్పినప్పుడే రిలీజ్ బేరింగ్, ఫ్లైవీల్ మధ్యనుండే పైలట్ బేరింగ్, క్రాంకు వెనక ఆయిల్ సీలు, గేర్‌బాక్సు షాఫ్టు సీలు మార్పించండి. పాత ప్లేటు నూనెతో తడిసి ఉంటే సీలే దోషి, కొత్త ప్లేటూ అలాగే పోతుంది. ఫ్లైవీల్ ముఖం మీద పగుళ్లు, నీలం మచ్చలు ఉంటే చూపించండి. ప్రెజర్ ప్లేటు వేళ్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో కొలిపించండి, లేకపోతే క్లచ్ అదురుతుంది.

కలిపేటప్పుడు ప్లేటును డమ్మీ షాఫ్టుతో మధ్యకు తెచ్చి బిగించాలి. చివరి సందు మూసుకోకపోతే ఫ్లైవీల్‌ను కొంచెం తిప్పి పళ్లు కలపాలే తప్ప బోల్టులు బిగించి లాగకూడదు. అలా లాగితే ప్లేటు బొడ్డు వంగుతుంది, ఒక్కోసారి హౌసింగ్ చెవి విరుగుతుంది.

ప్రశ్న: లోతు గుంటలో ఉన్న స్పార్క్ ప్లగ్ బిగించేటప్పుడు మర అడ్డంగా పడుతోంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ప్లగ్ పైకొసకు జానెడు పెట్రోలు రబ్బరు గొట్టం తొడిగి, దాంతోనే లోపలికి దించి వేళ్లతో తిప్పండి. మర అడ్డం పడితే గొట్టం ప్లగ్ మీద జారిపోతుంది, హెడ్ మర పాడవదు. ముందు ఎడమకు తిప్పితే మర కొస దగ్గర చిన్న టక్కు తగులుతుంది, అక్కడి నుంచి కుడికి తిప్పండి. పాత ప్లగ్ తీయకముందే గుంటలో దుమ్మును గాలి కొట్టి ఊదేయాలి, లేకపోతే సిలిండర్‌లోకి పోతుంది. వాషర్ ఉన్న 14 మి.మీ. కొత్త ప్లగ్ అయితే చేత్తో ఆనాక అర చుట్టు, వాడిన ప్లగ్ అయితే గడియారంలో ఒక గంట జరిగినంత. కంపెనీ పుస్తకంలో టార్క్ (ఎంత బిగించాలన్న కొలత) రాసి ఉంటే అదే పాటించండి.

ప్రశ్న: ఇంజను సందులో నట్టు జారిపోతే?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: అయస్కాంతం పుల్లతో వెతకండి. అల్యూమినియం, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలు దానికి అంటవు, వాటికి కొసన గోళ్లున్న స్ప్రింగు పుల్ల కావాలి. ఎయిర్ ఇన్‌టేక్‌లోనో, టైమింగ్ బెల్టు మూత లోపలో పడితే దొరికేదాకా సెల్ఫ్ కొట్టొద్దు. మళ్లీ జారకుండా సాకెట్‌లో కాస్త గ్రీజు, లేదా నట్టుకూ సాకెట్‌కూ మధ్య చిన్న కాగితం ముక్క పెడితే బిగుసుకుని నిలుస్తుంది. పనికి ముందు కింద ఒక పాత దుప్పటి పరిస్తే సగం వెతుకులాట ఉండదు.