రెండో రోజు కోసం సర్దుకో

బుజ్జీ,

విజయవాడ నుంచి అస్సాంలోని డిబ్రూగఢ్ దాకా వివేక్ ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. హాయిగా విమానంలో పోక ఇదేం పట్టుదల అని ఇంట్లో అందరూ అంటున్నారట. నేను మాత్రం అనను. మీ పెదనాన్న ఉద్యోగం పుణ్యమా అని పిల్లల్నీ సామాన్లనీ వేసుకుని ఏళ్ల తరబడి ఉత్తరాదికీ ఇక్కడికీ రైళ్లలో తిరిగినదాన్ని. నీ బండి కన్యాకుమారిలో బయల్దేరి 4,100 కిలోమీటర్లకు పైగా నడుస్తుంది. మన దేశంలో అంత దూరం పోయే బండి ఇంకోటి లేదు. నువ్వు మధ్యలో ఎక్కుతున్నా రెండు రాత్రులు అందులోనే.

అందరూ మొదటి రోజుకే సర్దుకుంటారు. మొదటి రోజుకి సర్దుకోకపోయినా ఏమీ కాదు. ఇంట్లో తిన్న అన్నం కడుపులో ఉంటుంది, ఒంట్లో ఓపిక ఉంటుంది, కిటికీ కొత్తగా ఉంటుంది. కష్టమంతా రెండో రోజు మధ్యాహ్నం నుంచి. నడుం పట్టేస్తుంది, బాత్రూంలో నీళ్లు అయిపోతాయి, ఎదుటి బెర్త్ పిల్లాడి ఏడుపు మొదటి రోజు ముద్దొచ్చింది కాస్తా రెండో రోజు తలనొప్పవుతుంది. అందుకే నేను రెండో రోజు సంచి విడిగా కట్టేదాన్ని. ఉతికిన నూలు చుడీదార్ ఒకటి, చిన్న తువ్వాలు, బ్రష్షు, సబ్బు, సాక్సులు, ఒక పల్చటి శాలువా. దాన్ని పెద్ద పెట్టెలో పెట్టకు, తలగడ పక్కన ఉంచుకో. ఏసీలో దుప్పటి ఇస్తారు కానీ తెల్లవారుజామున కాళ్లు జివ్వుమంటాయి.

తిండి సంగతి. మీ అమ్మ ఎలాగూ డబ్బాల కొద్దీ కడుతుంది, వద్దనకు. పులిహోర మర్నాడు పొద్దున్న దాకా నిలుస్తుంది. పెరుగన్నం ఎక్కిన రాత్రే తినేయాలి. జంతికలూ కారప్పూసా ఎన్నయినా పట్టుకెళ్లు, కానీ రెండో రోజు వాటిని చూస్తేనే వెగటు పుడుతుందని ముందే చెబుతున్నా. ఆ రోజుకి అటుకులు, అరటిపళ్లు, వేయించిన వేరుశెనగలు మేలు. రైల్లో కదలికే ఉండదు కదా, సగం కడుపుకే తిను. నీళ్లు మాత్రం తగ్గించకు. బాత్రూంకి వెళ్లాల్సొస్తుందని నీళ్లు మానేసే ఆడవాళ్లని ఎంతమందినో చూశాను. దిగేసరికి తల పగిలిపోయే నొప్పి.

ఆ బాత్రూం గొడవకి ఒక కిటుకుంది. పెద్ద స్టేషన్లలో బండి ఆగినప్పుడు పైపులు పెట్టి పెట్టెలకి నీళ్లు పడతారు. బండి కదిలిన కాసేపటికి వెళ్లావంటే సుఖం. పొద్దున్నయితే అయిదున్నర లోపే కానిచ్చెయ్. ఆరు దాటితే క్యూ. మరీ అధ్వానంగా ఉంటే ముక్కు మూసుకుని ఊరుకోకు, రైల్వేవాళ్ల 139కి ఫోన్ చేసో, రైల్ మదద్ యాప్‌లో టికెట్ మీది పీఎన్‌ఆర్ నంబరు కొట్టో చెప్పు. మేం స్టేషన్ మాస్టర్ల చుట్టూ తిరిగేవాళ్లం. మీకు ఆ బాధ లేదు.

నీకు 36వ నంబరు బెర్త్ పడిందట. 8తో భాగించి చూడు, శేషం 4. శేషం 1 గానీ 4 గానీ వస్తే లోయర్. పైగా థర్డ్ ఏసీలో 72 బెర్తులు కాబట్టి నీది పెట్టెకి నట్టనడుమ, రెండు చివర్ల తలుపుల చప్పుడూ ఉండదు. అయితే లోయర్ వాళ్లకి తిప్పలు వేరే. పగలంతా నీ బెర్త్ నీది కాదు, పైవాళ్లూ కూర్చుంటారు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు వరకే పడక. పది దాటాక కూడా నీ కాళ్ల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పేవాళ్లుంటే నవ్వుతూనే లేపెయ్. అందులో మొహమాటం అక్కర్లేదు.

విశాఖలో ఒక తమాషా జరుగుతుంది. అక్కడ ఇంజను ఇటు తీసి అటు తగిలిస్తారు. అప్పటిదాకా ముందుకి పోతున్న నువ్వు వెనక్కి పోతున్నట్టుంటుంది. బండి తప్పు దారిలో పోతోందని కంగారుపడి పక్కవాళ్లని లేపకు. నేను లేపాను ఒకసారి. బ్రహ్మపూర్ దాటాక కుడి చేతివైపు చూస్తూ ఉండు, చిలికా సరస్సు పట్టాల పక్కనే కనిపిస్తుంది.

టీ కోసం దిగడం గురించి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఒకసారి ఎక్కడో ఉత్తరాదిలో చేతిలో చిల్లర తప్ప ఏమీ లేకుండా దిగాను. మట్టి ముంతలో టీ, పొగలు కక్కుతోంది. ఊదుకుంటూ తలెత్తేసరికి బండి కదిలింది. ముంత పారేసి పరిగెత్తి అందిన పెట్టె ఎక్కాను. అది జనరల్. అక్కడినుంచి మా పెట్టెకి లోపల దారి లేదు. తర్వాతి స్టేషన్ వచ్చేదాకా తలుపు దగ్గర ఒంటికాలి మీద నిలబడ్డాను. మా పెట్టెలో మీ పెదనాన్న ఇద్దరు పిల్లల్ని పట్టుకుని బెంబేలెత్తిపోయారు. అందుకే దిగేముందు ప్లాట్‌ఫారం చివర సిగ్నల్ చూడు. ఎర్రగా ఉంటే దిగు. పచ్చో పసుపో పడితే టీ లేదు. దిగినా ఫోను, పర్సు ఒంటి మీదే ఉండాలి, నీ తలుపు ఎదురుగానే నిలబడాలి.

ముక్కూమొహం తెలియనివాళ్లు బిస్కెట్లు పెడితే శనివారం ఒక్కపొద్దు అని చెప్పు. ఏ వారమైనా సరే, వాళ్లు లెక్క చూడరు. అలాగని మూతి ముడుచుకుని కూర్చోకు. పిల్లాపాపలతో ఉన్న సంసారులు ఎవరో మొదటి పూటలోనే తెలిసిపోతుంది, వాళ్లతో మాట కలుపు. నువ్వు బాత్రూంకి వెళ్తే సామాను చూసేది వాళ్లే.

ఇంకొకటి. చేరే రోజుకి ఏ పనీ పెట్టుకోకు, ఉద్యోగంలో చేరే తేదీకి ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకో. అంత దూరం వచ్చే బండి ఎక్కడో ఒకచోట గంటలు పోగొట్టుకుంటుంది. పైగా తూర్పుకి పోయేకొద్దీ పొద్దు ముందు పొడిచి ముందే కుంకుతుంది. గడియారం అదే అయినా అక్కడికీ మనకీ సూర్యుడు దాదాపు గంట తేడా. నువ్వు దిగేది కటిక చీకట్లో. స్టేషన్‌కి ఎవరొస్తారో, ఏ నంబరుకి ఫోన్ చేయాలో ఇప్పుడే కాగితం మీద రాసుకో. ఫోన్‌లో ఉంది కదా అనకు, ఛార్జింగ్ సరిగ్గా అప్పుడే అయిపోతుంది.

దిగేముందు వంగి బెర్త్ కింద చూడు. నా రాగి చెంబు ఒకటి ఇప్పటికీ ఏ బండిలో తిరుగుతోందో.

చేరగానే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. మీ అమ్మ పడుకున్నా నేను మెలకువగానే ఉంటా.

మీ పెద్దమ్మ