లిడమ్ హీత్‌లో ఇంజను ఎందుకు రెండో చివరికి మారేది?

మీ మోడల్ రైల్వే కోసం చూసిన పాత మ్యాప్‌లో ఇంగ్లండ్‌లోని బిషప్స్ కాజిల్ ఊరి రైలు లిడమ్ హీత్ స్టేషన్ దగ్గర వెనక్కి తిరగడమేంటని అడిగారు కదండీ. మ్యాప్ సరైనదే. 1861 చట్టం ప్రకారం అసలు లైను క్రేవెన్ ఆర్మ్స్ వైపు నుంచి మాంట్‌గోమరీకి వెళ్లాలి, బిషప్స్ కాజిల్‌ది బ్రాంచి మాత్రమే. 1865లో తొలి రైలు నడిచింది గానీ డబ్బు చాలక మాంట్‌గోమరీ ముక్క వేయనే లేదు. దాంతో బ్రాంచి విడిపోయే లిడమ్ హీత్ దగ్గరే అసలు లైను ఆగిపోయింది, బిషప్స్ కాజిల్‌కి వెళ్లాలంటే రైలు అక్కడ వెనక్కి తిరగాల్సి వచ్చేది. 1867లోనే కంపెనీ రిసీవర్ (అప్పులపాలైన కంపెనీని చూసుకోవడానికి కోర్టు పెట్టే మనిషి) చేతికెళ్లింది. భూమి బాకీ తీర్చలేదని 1877లో హార్డర్లీ దగ్గర పట్టాలు పీకి కంచె కూడా వేశారు, నెలల తరబడి రైళ్లు బంద్! అయినా 1935 దాకా నడిపారు, ఆ మొండితనం అంటే నాకు చాలా ఇష్టం. లిడమ్ హీత్‌లో ఇంజను రైలు రెండో చివరికి వెళ్లేలా లూప్ లైను (రైలు పక్కనుంచి దాటే పట్టాలు) తప్పకుండా పెట్టండి.